దవడ కీలు నొప్పికి విశాఖలో చికిత్స: తొమ్మిది నెలల తరువాత నా సమీక్ష

విశాఖపట్నం సీతమ్మధార ప్రాంతంలోని ఒక చిన్న దంతవైద్యశాలలో గత ఫిబ్రవరి నుంచి దవడ కీలు నొప్పికి నేను పొందుతున్న చికిత్స గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ వైద్యశాల పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకొని, తప్పుపట్టవలసిన చోట తప్పుపట్టదలచాను గనుక పేరు లేకపోతేనే కలం సాగుతుంది. పైగా, ఇటువంటి నొప్పితో వచ్చినవారికి ఒక వైద్యశాల ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే చదివేవారికి పేరుకన్నా ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం. నేను ఒక జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిని. వయసు 44. రోజుకు నాలుగైదు గంటలు మాట్లాడటమే నా వృత్తి కనుక, నొప్పికి కారణం ఆ మాటలేనని నేనూ ఇంట్లోవారూ చాలాకాలం గట్టిగా నమ్మాం.

ఆ గుమ్మం తొక్కేలోపు నేను తిరిగిన గుమ్మాల గురించి ముందు కొంత చెప్పాలి. ఈ జబ్బులో సగం నష్టం ఆ తిరుగుడులోనే జరుగుతుంది. అంతకు ముందు ఏడాది వర్షాకాలంలో ఎడమ చెవిలో పోటు మొదలైతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన కర్ణభేరి శుభ్రంగా ఉందని చెప్పి, ఊరట కోసం చుక్కల మందు రాసి పంపించారు. రెండు నెలల తరువాత అదే వైపు దవడ పన్ను నొప్పిగా ఉన్నట్టు అనిపించి, మరొక చోట రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆ పంటికి తొడుగు వేసిన పదిహేను రోజులకే నొప్పి పక్క పంటికి మారింది. అంటే మొదటి పన్ను ఏ పాపమూ ఎరగదన్నమాట. సంక్రాంతికి భీమిలి దగ్గర ఉన్న అత్తవారింటికి వెళ్ళినప్పుడు తేగ ఒకటి నములుతూ ఉండగా ఎడమ చెవి ముందు టక్కుమంది, నోరు రెండు వేళ్ళు పట్టనంతగా బిగుసుకుపోయింది. అత్తయ్య తడిగుడ్డ వేడిచేసి గంటసేపు కాపడం పెట్టి, ఆ పూటకు గంజి తాగించి, నన్ను మాట్లాడవద్దని కూర్చోబెట్టారు. అప్పటివరకు నాకు జరిగిన చికిత్సలన్నింటిలో సరైనది అదొక్కటేనని నాకు తరువాత తెలిసింది.

నగరానికి తిరిగి వచ్చాక, వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి ఆకారం తెచ్చుకొనే రబ్బరు తొడుగు ఒకటి ఆన్‌లైన్‌లో 600 రూపాయలకు తెప్పించుకున్నాను. అది నోట్లో ఉన్నంతసేపూ దాన్ని నమలాలనిపించేది. రాత్రంతా జీళ్ళు నమిలినట్టు నమిలి, తెల్లవారేసరికి చెంపలు మరింత పీకేవి. ఆ తరువాత వెళ్ళిన ఒక పెద్ద దంతవైద్యశాలలో, నా పైపళ్ళు కిందిపళ్ళు సరిగా కలవకపోవడమే మూలకారణమనీ, పన్నెండు పళ్ళను అరగదీసి తొడుగులు వేస్తే కీలు దానంతట అదే కుదురుకుంటుందనీ చెప్పి, 1,40,000 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఉద్యోగుల సహకార సంఘంలో అప్పుకు దరఖాస్తు కూడా తెచ్చుకున్నాను. సంతకం పెట్టకుండా ఆగడానికి నా వివేకం కారణం కాదు. హామీ ఉండవలసిన సహోద్యోగి ఆ వారం ఊళ్ళో లేకపోవడం కారణం.

ఇక అసలు విషయానికి వస్తాను. సీతమ్మధార వైద్యశాలలో నాకు మొదట నచ్చింది అక్కడి తొలి పరీక్ష. దాదాపు 45 నిమిషాలు పట్టిన ఆ పరీక్షలో మొదటి పదిహేను నిమిషాలు డాక్టరుగారు నా నోరు తెరిపించనే లేదు. నొప్పి పొద్దున్న లేవగానే ఎక్కువా, సాయంత్రానికి ఎక్కువా, తలనొప్పి కణతల దగ్గరా, మెడ వెనుకా, ఆవులించినప్పుడు దవడ పట్టేస్తుందా, నిద్ర ఎలా ఉంటుంది, ఇంట్లో ఎవరైనా రాత్రి పళ్ళు నూరుతున్న శబ్దం విన్నారా, ఈ మధ్య ఇంట్లో ఏవైనా చిక్కులు ఉన్నాయా అని ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. తరువాత రెండు చేతుల వేళ్ళను నా చెవుల ముందు ఆనించి నోరు నెమ్మదిగా తెరవమన్నారు. దవడ తిన్నగా దిగుతోందా, ఒక పక్కకు వంగి దిగుతోందా అని చూసి, చెంప కండరాలను, కణతలను, దవడ అంచును, మెడను వేలితో నొక్కుతూ వచ్చారు. ఎడమ చెంపలో ఒక చోట నొక్కగానే, రూట్ కెనాల్ చేయించుకున్న పంటిలో అచ్చం ఆ పాత నొప్పే లేచింది. ఆ క్షణంలో నాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కండరం నొప్పి పంటి నొప్పిలా నటిస్తుందని పుస్తకంలో చదివినా నేను నమ్మేదాన్ని కాదేమో. ఆమె వేలు నమ్మించింది.

తరువాత చిన్న స్కేలుతో పై ముందుపన్ను అంచు నుంచి కింది ముందుపన్ను అంచు వరకు కొలిచి, నోరు 31 మిల్లీమీటర్లు తెరుచుకుంటోందని రాశారు. పెద్దవారిలో మామూలుగా ఇది 40 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది. ఇంట్లో చూసుకోవాలంటే మన మూడు వేళ్ళు నిలువుగా ముందుపళ్ళ మధ్య పట్టాలి. నోరు తెరుచుకోకపోవడానికి దవడ కీలు ఒక్కటే కారణం కాదు గనుక, చెంపల లోపలి వైపు కూడా వేలితో తడిమి, వక్క, గుట్కా అలవాటు ఉందా అని అడిగారు. ఆ అలవాటున్నవారిలో నోటి లోపలి పొర నారకట్టి, గట్టిపడి, నోరు క్రమంగా మూసుకుపోతుంది. అది కాన్సరుకు దారితీయగల వేరే జబ్బు, దానికి దవడ వ్యాయామాలు చేస్తూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది. జ్ఞానదంతం దగ్గర చీము, మెరుపు కొట్టినట్టు వచ్చిపోయే నరాల నొప్పి, 50 దాటినవారిలో నమిలేటప్పుడు దవడ నొప్పితోపాటు వచ్చే కణత నొప్పీ చూపు మసకబారడమూ, మెట్లెక్కినప్పుడు దవడలోకి పాకే గుండెనొప్పి, ఇవన్నీ కూడా దవడ నొప్పి వేషంలోనే వస్తాయి. వీటిలో చివరి రెండింటికీ దంతవైద్యశాలకు కాక, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఇంత విచారణ నాకు అంతకు ముందు ఏ గుమ్మంలోనూ జరగలేదు.

పళ్ళ పరిస్థితి మొత్తం తెలిసే ఒక ఎక్స్‌రే మాత్రం తీయించారు. ఎంఆర్ఐ తీయించమంటారా అని నేనే ఉత్సాహపడి అడిగితే, కీలు ఎముకల మధ్య ఉండే మెత్త ఎక్కడ ఉందో దానిలో కనబడుతుంది గాని, మీకు ఇవ్వబోయే చికిత్స దానివల్ల మారదు కనుక ఇప్పుడు అక్కరలేదన్నారు. వచ్చిన పరీక్షను వద్దనే వైద్యశాల నగరంలో ఉందని అప్పుడే తెలిసింది.

ఆమె బల్లమీది ఎముకల బొమ్మతో చెప్పిన వివరణను నాకు అర్థమైనట్టుగా రాస్తాను. కింది దవడ ఎముక చివరన ఉండే గుండ్రటి తల, చెవికి సరిగ్గా ముందు, కణత ఎముకలోని ఒక గుంటలో కూర్చుంటుంది. రెండింటి మధ్య ఒక పలుచని మెత్త ఉంటుంది. నోరు కొంచెం తెరిచినప్పుడు ఈ కీలు తలుపు బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే సొరుగు లాగినట్టు మెత్తతో సహా ముందుకు జారుతుంది. కుడి ఎడమల రెండు కీళ్ళూ ఒకే ఎముకకు చెందినవి కావడంతో ఒకటి మొరాయిస్తే రెండోదానికీ తిప్పలే. మెత్త కాస్త ముందుకు జరిగి, నోరు తెరిచేటప్పుడు తిరిగి తన చోటికి వస్తే టక్కుమనే శబ్దం వస్తుంది. తిరిగి రాకపోతే నోరు పట్టేస్తుంది. కీలుకు స్పర్శనిచ్చే నరం శాఖే చెవి ముందరి భాగానికీ స్పర్శనిస్తుంది కాబట్టి, తప్పు కీలులో ఉన్నా పోటు చెవిలో ఉన్నట్టు తోస్తుంది. నాకు ఉన్నది ప్రధానంగా కండరాల నొప్పి. దానికి తోడు ఎడమవైపు మెత్త జారి తిరిగి వస్తోంది, సంక్రాంతినాడు కాసేపు రాలేదు. నొప్పి లేకుండా వట్టి శబ్దం మాత్రమే ఉంటే దానికి చికిత్సే అక్కరలేదని, ఎంతోమందికి జీవితమంతా ఆ శబ్దం ఉంటుందని ఆమె చెప్పినప్పుడు సగం భయం అక్కడే దిగింది.

పన్నెండు పళ్ళు అరగదీసే ఆలోచన గురించి అడిగాను. ఆ వాదానికి చాలా పాత చరిత్ర ఉంది. 1934లో జేమ్స్ కోస్టెన్ అనే అమెరికన్ చెవి వైద్యుడు, దవడ పళ్ళు ఊడి దవడ ఎక్కువగా మూసుకుపోవడంవల్ల చెవిపోటు, చెవిలో హోరు, తలతిరుగుడు వస్తాయని రాశాడు. ఆయన చెప్పిన శరీరనిర్మాణ కారణం తరువాతి పరిశీలనలో నిలబడలేదు. కాని పళ్ళ కలయికను సరిచేస్తే కీలు బాగుపడుతుందన్న నమ్మకం మాత్రం దంతవైద్యంలో దశాబ్దాలపాటు పాతుకుపోయింది. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు గనుక, ఈ జబ్బులో తిరిగి వెనక్కి తీసుకోలేని పని ఏదీ మొదట చేయకూడదని ఆమె అన్నారు. ఇతరులను ఒక్క మాట కూడా అనకుండా ఆ అంచనా కాగితాన్ని మడిచి నా చేతికే ఇచ్చిన తీరు నాకు బాగా నచ్చింది.

చికిత్సలో అన్నిటికన్నా విలువైనది రసీదులో లేదు. మాటల మధ్యలో ఆమె ఉన్నట్టుండి, "మేడమ్, ఇప్పుడు మీ పైపళ్ళు కిందిపళ్ళు తగులుతున్నాయా?" అని అడిగారు. తగలడం కాదు, బిగించి పట్టుకొని ఉన్నాను. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్ళు ఒకదానికొకటి తగలకూడదని, పెదవులు కలిసి ఉండాలి గాని పళ్ళ మధ్య సన్నని ఖాళీ ఉండాలని, నాలుక కొన పైపళ్ళ వెనుక అంగిలికి తేలికగా ఆని ఉండాలని నలభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి తెలుసుకున్నాను. కష్టాన్ని 'పంటి బిగువున' భరించడం అని పిల్లలకు జాతీయాల పాఠం చెప్పే నేను, ఆ పనిని ఇన్నాళ్ళూ అక్షరాలా చేస్తున్నానని గ్రహించలేదు. ఫోను వెనుక, వంటింటి గట్టు దగ్గర, స్కూటరు అద్దం మీద ఎర్రచుక్కలు అంటించుకొని, చుక్క కనబడినప్పుడల్లా పళ్ళు కలిశాయో లేదో చూసుకోమన్నారు. నొప్పి ఎప్పుడు ఎంత ఉందో ఒక చిన్న పుస్తకంలో రాయమన్నారు.

ఆ పుస్తకమే నా నమ్మకాన్ని తలకిందులు చేసింది. మార్చి నెలాఖరులో ఇంటర్ జవాబుపత్రాల స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళాను. అక్కడ ఉదయం నుంచి సాయంత్రం వరకు నోరు మెదపకుండా కాగితాలు దిద్దడమే పని. మాటలు లేవు కనుక దవడకు విశ్రాంతి దొరుకుతుందని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ రెండు వారాల్లోనే నొప్పి అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది. నాలుగు పీరియడ్లు వరుసగా పాఠం చెప్పిన రోజుల్లో తక్కువగా ఉంది. పాఠం చెప్పేటప్పుడు పళ్ళు కలవవు. తలవంచి, గడువులోపు మార్కులు కూడుతూ కూర్చున్నప్పుడు కలిసినవి విడిపోవు. పొద్దున్న లేవగానే నొప్పి ఎక్కువగా ఉన్నవారు నిద్రలో బిగిస్తారని, సాయంత్రానికి పెరిగేవారు మేలుకొని బిగిస్తారని డాక్టరుగారు మొదటిరోజే అన్న మాట అప్పుడు అర్థమైంది. సెలవు పెట్టి గొంతుకు, దవడకు విశ్రాంతినివ్వాలని ఇంట్లో జరిగిన చర్చలన్నీ దండగ.

వ్యాయామాలు తేలికగానే కనిపిస్తాయి గాని ఓపిక కావాలి. నాలుక కొన అంగిలికి ఆనించి, అది ఊడిరాకుండా ఎంతవరకు తెరవగలమో అంతవరకే ఆరుసార్లు నోరు తెరవడం, అద్దంలో చూస్తూ గడ్డం పక్కకు వంగకుండా తిన్నగా దించడం, వేళ్ళతో చెంప కండరాన్ని నెమ్మదిగా పిసకడం, మెడను వెనక్కి సర్దుకొని నిటారుగా కూర్చోవడం, పూటకు పదిహేను నిమిషాల వేడి కాపడం. ఫిజియోథెరపిస్టు చేతికి తొడుగు వేసుకొని నోటి లోపలి నుంచి కండరాన్ని నొక్కి సడలించిన ఆరు సిట్టింగులు నాకు నిజంగా మలుపు; మూడో సిట్టింగు తరువాత మా ఇంటిల్లిపాదీ వినేలా హాయిగా ఆవులించాను. పది రోజులపాటు నొప్పి మాత్రలు ఇచ్చారు, ఆ తరువాత ఆపేశారు. తిండి విషయంలో తేగలు, చెరకుముక్కలు, వేరుశనగ అచ్చు, బీచిలో అమ్మే కాల్చిన మొక్కజొన్న పొత్తు ఆరు వారాలపాటు మానమన్నారు. మొక్కజొన్నకు గింజలు ఒలిచి తింటే సరిపోయింది. ఆపిల్‌ను ముక్కలు చేసుకోవడం, పెద్ద ముద్ద పెట్టుకోకపోవడం, ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించడం ఇప్పటికీ చేస్తున్నాను.

ఇక తొడుగు. రసీదులో అన్నిటికన్నా పెద్ద అంకె దీనిదే, 8,500 రూపాయలు. పైపళ్ళకు తొడిగే గట్టి పారదర్శకమైన అక్రిలిక్ తొడుగు ఇది. కొలత తీసి పదిరోజులకు ఇస్తామన్నారు. ల్యాబులో ఆలస్యమై ఇరవై రెండు రోజులు పట్టింది. ఇచ్చిన రోజున నల్లటి సిరా కాగితం మధ్యలో పెట్టి కొరికిస్తూ, గుర్తులు పడిన చోటల్లా అరగదీసి, కిందిపళ్ళన్నీ ఒకే ఒత్తిడితో తగిలేలా సరిచేశారు. ఈ సరిచేయడమే ఆన్‌లైన్ రబ్బరు ముక్కకూ దీనికీ ఉన్న తేడా. రాత్రి మాత్రమే వేసుకోవాలి. మొదటి వారం చొంగ కారి దిండు తడిసింది, ఆ తరువాత అలవాటైంది. పళ్ళ అరుగుదలకు ఇది మంచి కాపలా అని నా అనుభవం. నొప్పికి మందు అని మాత్రం చెప్పలేను. తొడుగు చేతికి వచ్చే నాటికే నా నోరు 38 మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది, నొప్పి సగానికి తగ్గింది.

నాకు ఈ అనుమానం వచ్చాక చదివితే తెలిసినది ఇది. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శక సూచనలు, దీర్ఘకాలంగా ఉన్న దవడ కీలు నొప్పికి పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలను, మెడ భంగిమను సరిదిద్దే వ్యాయామాలను, చేతితో కండరాన్ని సడలించే చికిత్సను, అలవాట్లను ఆలోచనలను మార్చుకొనే శిక్షణను గట్టిగా సిఫారసు చేశాయి. తీసి పెట్టుకొనే తొడుగుల విషయంలో మాత్రం, అంత గట్టిగా కాకపోయినా, వద్దనే వైపే మొగ్గాయి. కీలులోని మెత్తను తీసివేసే శస్త్రచికిత్సను గట్టిగానే వద్దన్నాయి. ఈ సంగతి డాక్టరుగారిని సూటిగా అడిగాను. "మీ పళ్ళ అంచులు అరిగి ఉన్నాయి కాబట్టి పళ్ళకోసం ఇచ్చాను, నొప్పికి ఇది ఒక్కటే ఇచ్చి పంపితే తప్పు" అన్నారు. జవాబు నిజాయితీగానే ఉంది. కాని ఆ మాట కొలత తీసేముందే చెప్పి ఉంటే, తీసుకోవాలా వద్దా అని నేనే నిర్ణయించుకొనేదాన్ని. ఈ సమీక్షలో నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

చిన్న ఫిర్యాదులు కూడా ఉన్నాయి. సమయం ముందుగా తీసుకున్నా గంటకు తక్కువ కాకుండా కూర్చోవాలి. వైద్యశాల రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు తరచు పనిచేయదు. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. నా పక్కన కూర్చున్న ఒక మత్స్యకార మహిళ దానిని తిరగేసి బొమ్మలు చూసుకొని సంచిలో పెట్టుకున్నారు. ఎర్రచుక్కల సంగతి ఆమెకు నేను చెప్పవలసి వచ్చింది. తెలుగులో రాసి ఇస్తానని నేను చెప్పాను, సరేనన్నారు, రాసి ఇచ్చి నాలుగు నెలలైంది, ఇంకా అచ్చు కాలేదు. ఫిజియోథెరపిస్టు వారానికి రెండు మధ్యాహ్నాలు మాత్రమే వస్తారు. గాజువాక నుంచో పెందుర్తి నుంచో ఉద్యోగం చేసుకుంటూ రావలసినవారికి అది కష్టం. తొడుగును రెండోసారి సరిచేసినందుకు 300 రూపాయలు తీసుకోవడం నాకు సబబుగా తోచలేదు.

ఖర్చు మొత్తం ఇలా అయింది. తొలి పరీక్షకు 500, తరువాతి నాలుగు సార్లకు 300 చొప్పున, ఎక్స్‌రేకు 450, ఫిజియోథెరపీకి సిట్టింగుకు 500 చొప్పున ఆరింటికి 3,000, తొడుగుకు 8,500, సరిచేసినందుకు 300. మాత్రలు కాక 13,950 రూపాయలు. తొడుగూ దాన్ని సరిచేసిన ఖర్చూ తీసేస్తే 5,150. ఆ డబ్బుకే నాకు మేలులో అధికభాగం జరిగిందని నా లెక్క. ఇంత ఖర్చు భరించలేనివారికి రుషికొండలో గీతం దంతవైద్య కళాశాల, సంగివలసలో అనిల్ నీరుకొండ దంతవైద్య కళాశాల, నగరం నడిబొడ్డున కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఉన్నాయి. నేను అక్కడ ఈ చికిత్స పొందలేదు కనుక వాటి బాగోగులు చెప్పను.

ఇప్పుడు నోరు 43 మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది. చెవిపోటు పోయింది, కణత నొప్పి నెలకు ఒకటి రెండు సార్లు పలకరిస్తుంది. ఎడమవైపు టక్కుమనే శబ్దం అలాగే ఉంది, దాని జోలికి ఎవరం వెళ్ళలేదు. కండరాల నొప్పి, అప్పుడప్పుడు పట్టేసే దవడ ఉన్నవారికి ఈ వైద్యశాలను నేను సిఫారసు చేస్తాను. ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. నోరు తెరుచుకొని మూతపడకుండా పోయినవారు, దెబ్బ తగిలి దవడ వంకరపోయినవారు, ముఖం వాచి జ్వరం ఉన్నవారు ఇక్కడికి కాక దవడ శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళడం మంచిది. వెళ్ళదలచినవారు పాత ఎక్స్‌రేలు, వాడిన మందుల చీటీలు, వీలైతే వారంరోజుల నొప్పి లెక్క వెంట తీసుకువెళ్ళండి. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నం వెళితే ఫిజియోథెరపిస్టు కూడా అదే రోజు దొరుకుతారు. కూర్చోవడానికి చదువుకొనే పుస్తకం ఒకటి తప్పనిసరి. చదివేటప్పుడు పళ్ళు కలవకుండా చూసుకోండి.